హైడ్రోజన్‌కు తరుగు, ప్రోటాన్‌కు పెరుగు: ఈ లెక్క ఎక్కడ తేలుతుంది?

డిగ్రీ_ఫిజిక్స్_సార్ | హనుమకొండ | సోమవారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఇవాళ ఫైనలియర్ క్లాసులో ఒక అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు తట్టక, బెల్లు కొట్టేదాకా ఎలాగో నెట్టుకొచ్చి "రేపు చూద్దాం" అని బయటపడ్డాను. పదిహేనేళ్లుగా ఇదే పాఠం చెబుతున్నా ఈ ప్రశ్న నాకే ఎప్పుడూ రాలేదు. అదీ అసలు బాధ.

పాఠం బైండింగ్ ఎనర్జీ, అంటే కలిసి ఉన్నవాటిని విడదీయడానికి కావలసిన శక్తి. ఈ లెక్కల్లో బరువును కూడా శక్తి కొలత అయిన ఎలక్ట్రాన్ వోల్టుల్లోనే చెబుతాం. ప్రోటానూ ఎలక్ట్రానూ కలిసి హైడ్రోజన్ పరమాణువు అయితే, రెండింటి మొత్తం కన్నా 13.6 ఎలక్ట్రాన్ వోల్టులు తక్కువ తూగుతుంది. ప్రోటానూ న్యూట్రానూ కలిసి డ్యూటెరాన్ అయితే 2.2 ఎంఈవీ (ఎంఈవీ అంటే పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు) తక్కువ. పిల్లలకు గుర్తుండాలని "వడ్ల కొనుగోలులో తరుగు తీసినట్టు, రెండు కలిసినప్పుడల్లా ప్రకృతి కూడా తరుగు తీస్తుంది" అన్నాను. క్లాసంతా నవ్వింది.

అక్కడితో ఆగితే బాగుండేది. ఇంకో పది నిమిషాలు మిగిలాయని ప్రోటాన్ లోపలి ముక్కలైన క్వార్కుల్లోకి వెళ్లాను. ప్రోటాన్‌లో రెండు అప్ రకం, ఒక డౌన్ రకం. అప్ సుమారు 2.2 ఎంఈవీ, డౌన్ సుమారు 4.7. అన్నీ కలిపితే 9 చిల్లర. ప్రోటాన్ మాత్రం 938. మిగతాదంతా శక్తి అని ముగించబోతుంటే మూడో బెంచి నుంచి చెయ్యి లేచింది.

"సార్, కలిస్తే తరుగు పోవాలి కదా? ఇక్కడ తొమ్మిది పెడితే తొమ్మిది వందల ముప్పై ఎనిమిది ఎలా వచ్చింది? అంత పెరిగితే అవి కలిసి ఎందుకుంటాయి, విడిపోవాలి కదా?"

క్వార్కులు చాలా వేగంగా తిరుగుతాయమ్మా, ఆ గతిశక్తే బరువు అన్నాను. "హైడ్రోజన్‌లో ఎలక్ట్రాన్ కూడా తిరుగుతుంది కదా సార్, అక్కడెందుకు పెరగలేదు?" అంది. బెల్లు కొట్టారు.

రేపు మూడో పీరియడ్‌లో మళ్లీ అదే క్లాసు. పుణ్యం కట్టుకోండి.

కాజీపేట్_జంక్షన్ | సోమవారం, రాత్రి 9:51

దీనికింత టెన్షన్ ఎందుకు సార్, హిగ్స్ బోసాన్ అని చెప్పెయ్యండి. అన్నిటికీ బరువిచ్చేది అదే కదా. తరుగు, పెరుగు అని రాసి ఆకలి పుట్టించారు, పోయి తింటా.

మానేరు_తీరం | కరీంనగర్ | సోమవారం, రాత్రి 10:15

జంక్షన్ తమ్మీ, తిని వచ్చాక ఇది కూడా చదువు. 2012లో దొరికిన హిగ్స్‌ది ఇందులో చాలా చిన్న ఖాతా. ఎలక్ట్రాన్‌కూ క్వార్కులకూ సొంత ద్రవ్యరాశి ఇచ్చేది హిగ్స్ క్షేత్రం, నిజమే. అంటే సార్ బోర్డు మీద రాసిన ఆ 9 హిగ్స్ ఖాతాలోది. 938లో మిగిలినదాన్ని హిగ్స్ మీద రాయడం కుదరదు. హిగ్స్‌ను పూర్తిగా తీసేసినా ప్రోటాన్ బరువు పెద్దగా మారదు.

రిటైరైన ఇంజనీర్ని, నాకు తెలిసిన లెక్క కాగితం వెనక వేసేది. ప్రోటాన్ వ్యాసార్థం 0.84 ఫెర్మీ. ఒక ఫెర్మీ అంటే మీటర్‌ను పది లక్షలతో భాగించి, వచ్చిన దాన్ని మళ్లీ వంద కోట్లతో భాగిస్తే మిగిలేది. అంత ఇరుకు గదిలో దేన్ని బంధించినా అనిశ్చితి సూత్రం ఊరుకోదు, దానికి ద్రవ్యవేగం వచ్చి తీరుతుంది. ప్లాంక్ స్థిరాంకాన్నీ (2పైతో భాగించినది) కాంతి వేగాన్నీ గుణిస్తే ఎంఈవీ-ఫెర్మీల్లో వచ్చే 197ని 0.84తో భాగిస్తే ఒక్కో క్వార్కుకు దాదాపు 235 ఎంఈవీ. మూడింటికి 705. మిగిలింది క్వార్కులను అంటించి ఉంచే గ్లువాన్లకు వదిలేస్తే 938 దగ్గరికి వచ్చినట్టే. గది ఇరుకైతే శక్తి పెరుగుతుంది, ఎలక్ట్రాన్‌కు గది విశాలం కనుక తక్కువ. చాలదా సార్?

ఆర్ఈసీ_పాతబ్యాచ్ | సోమవారం, రాత్రి 10:38

చాలదు బాబాయ్. మీ లెక్క బాగుంది కానీ ఆ అమ్మాయి అడిగింది అది కాదు. హైడ్రోజన్‌లో ఎలక్ట్రాన్ గతిశక్తి 13.6 జమ. స్థితిశక్తి 27.2 ఖర్చు. జమా ఖర్చులు పోను 13.6 తరుగు. అంటే తిరగడం వల్ల అక్కడా బరువు పెరిగింది, కానీ ఆకర్షణ దానికి రెట్టింపు లాగేసింది. ప్రోటాన్‌లో ఆకర్షణ ఇంకా గట్టిది కదా. మరి ఆ రెట్టింపు ఖర్చు ఎక్కడ పోయింది? మీరు జమ చూపించారు, ఖర్చు పేజీ చింపేశారు.

ఎనుమాముల_కాంటా | వరంగల్ | సోమవారం, రాత్రి 11:20

సార్లందరికీ నమస్తే. నేను చదివింది ఇంటర్ ఎంపీసీ వరకే, మిర్చి యార్డులో తూకం దగ్గర ఉంటా. తప్పయితే నవ్వకండి.

మా దగ్గర బస్తా ఎక్కించే ముందు కాంటా సున్నా చూస్తాం. ఒకసారి సీజన్‌లో, తెల్లారి నాలుగింటికి, కాంటా మీద ఎవరో గోనె సంచుల కట్ట పెట్టి మరిచిపోయారు. దాంతోనే సున్నా కొట్టేశాం. తర్వాత కట్ట తీస్తే కాంటా మైనస్ చూపించింది. ఖాళీ కాంటా మైనస్ మూడు కిలోలు! మూడు కిలోలు ఎక్కడికీ పోలేదు, సున్నా ఎక్కడ పెట్టామన్నదే తేడా.

మీ చర్చ చదువుతుంటే నాకదే గుర్తొచ్చింది. తరుగు అనాలంటే ముందు విడివిడిగా తూచిన లెక్క ఉండాలి. ప్రోటాన్‌ను తూచారు, ఎలక్ట్రాన్‌ను తూచారు, సరే. క్వార్కును విడిగా కాంటా మీద పెట్టి తూచిందెవరు?

లాటిస్_అక్క | మంగళవారం, తెల్లవారుజాము 1:05

కాంటా అన్నా, మీ ప్రశ్నలోనే సగం జవాబుంది. నేను ఇదే రంగంలో పీహెచ్‌డీ చేశాను, పుట్టి పెరిగింది కొత్తవాడలో. ఇప్పుడు ఊరుకాని ఊర్లో ఉంటున్నా కనుక నా టైమ్ చూసి కంగారు పడకండి.

క్వార్కును విడిగా ఎవరూ తూచలేదు. తూచలేరు కూడా. అన్ని చిక్కులూ అక్కడి నుంచే మొదలు.

హైడ్రోజన్‌లో సున్నా ఎక్కడ పెట్టాం? ప్రోటానూ ఎలక్ట్రానూ ఒకదానికొకటి చాలా దూరంగా, స్వేచ్ఛగా ఉన్నచోట. అక్కడి నుంచి దగ్గరికి వస్తే శక్తి దిగుతుంది. నేల మట్టాన్ని సున్నా అనుకుంటే బావిలో పడ్డ చెంబు లెక్క మైనస్‌లో ఉన్నట్టు. కనుక కలిస్తే తరుగు.

క్వార్కుల మధ్య బలం నడక దీనికి తలకిందులు. చాలా దగ్గరగా ఉన్నప్పుడే అవి దాదాపు స్వేచ్ఛగా ఉంటాయి. 1973లో గ్రాస్, విల్చెక్, పొలిట్జర్ లెక్కగట్టి చూపించింది ఇదే. 2004లో ముగ్గురికీ నోబెల్ వచ్చింది. దూరం జరిగే కొద్దీ శక్తి పెరుగుతూనే పోతుంది, ఫెర్మీకి సుమారు 900 ఎంఈవీ చొప్పున. దాన్ని బలంగా మారిస్తే 15 టన్నుల బరువు వేలాడదీసినట్టు. ఒక్క జత క్వార్కుల మధ్య, నిండుగా లోడెత్తిన లారీ! దూరం పెరిగినా ఆ లాగుడు తగ్గదు. విద్యుత్ బలమైతే దూరం రెట్టింపైతే నాలుగో వంతుకు పడిపోతుంది, ఇది పడిపోదు.

కనుక ఇక్కడ "దూరంగా, స్వేచ్ఛగా" అనే చోటే లేదు. సున్నా పెట్టుకోగలిగింది దగ్గరి కొసలోనే. మనం పుస్తకాల్లో రాసే 2.2, 4.7 కూడా అధిక శక్తితో, అతి దగ్గరి నుంచి చూసినప్పుడు క్వార్కుకు కనిపించే ద్రవ్యరాశులు. అక్కడి నుంచి ఎటు జరిగినా జమే. పాతబ్యాచ్ గారు అడిగిన ఖర్చు పేజీని ఎవరూ చింపలేదు. తాడు సాగడం వల్ల వచ్చే స్థితిశక్తి ఇక్కడ మైనస్ కాదు, ప్లస్.

మరి విడిపోవాలి కదా అన్నది ఆ అమ్మాయి రెండో ప్రశ్న. నాకు అదే ఎక్కువ నచ్చింది. బరువెక్కువ ఉన్నంత మాత్రాన విడిపోరు. విడిపోతే ఇంతకన్నా తక్కువ శక్తి ఉన్న చోటు ఒకటి దొరకాలి. రబ్బరు తాడుతో గుంజకు కట్టిన దూడను చూడండి. తాడు సాగి ఉన్నప్పుడు అందులో శక్తి ప్లస్‌లోనే ఉంటుంది, అయినా దూడ కట్టుబడే ఉంటుంది. మూడు క్వార్కులతో అయ్యే కణాలన్నిటిలోకీ తేలికైనది ప్రోటానే. దానికి దిగడానికి ఇంకో మెట్టు లేదు.

ఒక్క జాగ్రత్త. ఈ తాడు బొమ్మ బరువైన క్వార్కులకు బాగా సరిపోతుంది. 1974 నవంబరులో దొరికిన జే-సై కణంలో చార్మ్ అనే బరువైన క్వార్కు, దాని ప్రతికణం యాంటీచార్మ్ ఉంటాయి. చార్మ్ ఒక్కోటి సుమారు 1270 ఎంఈవీ, రెండు కలిపి 2540, కణం 3097. పెరుగు ఉంది కానీ నూరు రెట్లు లేదు. ప్రోటాన్‌లోని తేలిక క్వార్కులు దాదాపు కాంతి వేగంతో తిరుగుతాయి కనుక అక్కడ తాడు ఉపమానమే తప్ప లెక్క కాదు. లెక్క వేరే ఉంది, నిద్ర లేచాక రాస్తా.

సింగరేణి_రాత్రిషిఫ్ట్ | భూపాలపల్లి | మంగళవారం, ఉదయం 6:30

షిఫ్ట్ దిగి ఇప్పుడే చదివాను. సార్ చెప్పిన తరుగు మా బొగ్గుకు ఎంత వస్తుందో లెక్క చూశాను. కిలోకు 2 కోట్ల జౌళ్లు అనుకుంటే టన్ను బొగ్గు కాలినప్పుడు తగ్గే ద్రవ్యరాశి మిల్లీగ్రాములో అయిదో వంతు. టన్నుకు అంతే! రాత్రంతా మేం తవ్వేది ఆ చిటికెడు కోసమా అనిపించింది.

ఇంకో సందేహం. నేను 70 కిలోలు. అక్క చెప్పిన ప్రకారం నాలో క్వార్కుల సొంత బరువు 700 గ్రాములేనా? మిగతా 69 కిలోలూ తాళ్లేనా?

లాటిస్_అక్క | మంగళవారం, ఉదయం 8:50

అన్నా, న్యూట్రాన్‌లో డౌన్‌లు రెండు కనుక కొంచెం ఎక్కువొస్తుంది, కిలోకు లోపే. కానీ "మిగతాదంతా తాళ్లు" అనకండి. నేనూ మొదట్లో అలాగే చెప్పేదాన్ని, మా గైడ్ ఆపారు.

ప్రోటాన్ ద్రవ్యరాశిని పద్ధతిగా పంచితే నాలుగు వాటాలు వస్తాయి. క్వార్కుల కదలిక శక్తి దాదాపు మూడో వంతు. గ్లువాన్ క్షేత్రం శక్తి మూడో వంతు కన్నా కొంచెం ఎక్కువ. నాలుగో వంతుకు కాస్త తక్కువగా ఉండే ఒక వింత వాటా. క్వార్కు ద్రవ్యరాశుల వల్ల వచ్చేది సుమారు 9 శాతం.

ఆర్ఈసీ_పాతబ్యాచ్ | మంగళవారం, ఉదయం 9:04

ఆగండి. నిన్నటి నుంచి అందరూ ఒక శాతం అంటున్నారు. 938లో 9 అంటే ఒక శాతమే కదా. ఇప్పుడు 9 శాతం ఎలా అయింది? ఏదో ఒకటి తప్పు.

లాటిస్_అక్క | మంగళవారం, ఉదయం 9:20

రెండూ ఒప్పే, అవి వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. 9 ఎంఈవీ, 9 శాతం అని ఒకే అంకె పడటం కాకతాళీయం, దాన్ని పట్టించుకోకండి. 9 శాతం అంటే 84 ఎంఈవీ.

మూడు క్వార్కులు అనేది హాజరుపట్టీలోని లెక్క మాత్రమే. లోపల క్షణక్షణం క్వార్కు-యాంటీక్వార్కు జతలు పుడుతూ పోతూ ఉంటాయి, స్ట్రేంజ్ అనే ఇంకో రకం క్వార్కు జతలు కూడా. సమీకరణంలో క్వార్కు ద్రవ్యరాశి ఉన్న పదం ఈ గుంపు మొత్తాన్నీ లెక్కలోకి తీసుకుంటుంది. అందుకే 9 కాస్తా 84 అయింది. పాఠ్యపుస్తకాల్లో ప్రోటాన్ బొమ్మ గీసి మూడు గోళీలు పెడతారు చూడండి, ఆ బొమ్మ చేసినంత చేటు ఏ తప్పు సూత్రమూ చేయలేదని నా అభిప్రాయం.

ఆ వింత వాటా గురించి. క్వార్కులకు ద్రవ్యరాశి సున్నా అనుకుంటే, ఈ బలం సమీకరణంలో పొడవు కొలిచే బద్ద ఏదీ మిగలదు. ప్రోటాన్ ఇంతే ఉండాలని చెప్పే అంకె ఎక్కడా కనబడదు. కానీ క్వాంటం లెక్క వేస్తే బలం దూరంతో మారుతుంది. జెడ్ బోసాన్ అనే బరువైన కణం శక్తి దగ్గర ఈ బలం జోరు (ఎంత గట్టిగా పట్టుకుంటుందో చెప్పే అంకె) 0.118. శక్తి తగ్గే కొద్దీ పెరుగుతూ కొన్ని వందల ఎంఈవీ దగ్గరికి వచ్చేసరికి పట్టు తప్పుతుంది. బద్ద లేని సమీకరణంలోంచి బద్ద పుట్టడం అంటే అదే. నాలుగో వంతు దగ్గరి ఆ వాటా దాని గుర్తు.

మోడరేటర్ | మంగళవారం, ఉదయం 10:00

ప్రోటాన్ బరువుకూ రాశిఫలాలకూ ముడిపెట్టిన రెండు పోస్టులు తీసేశాను. అంశం మీదే ఉండండి.

మానేరు_తీరం | మంగళవారం, ఉదయం 11:10

అమ్మాయీ, ఈ వాటాలు ఎలా లెక్కగట్టారు? విద్యుత్ బలానికైతే జోరు 137లో ఒక వంతు. మొదటి పదం, రెండో పదం అని వేసుకుంటూ పోతే ఒక్కోటీ చిన్నదవుతుంది, నాలుగు పదాలకు చాలించవచ్చు. ఇక్కడ జోరు ఒకటి దగ్గరికి వస్తే ఏ పదమూ చిన్నది కాదు కదా. మా రోజుల్లో "దీనికి పరిష్కారం లేదు" అని పేజీ తిప్పేసేవాళ్లం.

లాటిస్_అక్క | మంగళవారం, మధ్యాహ్నం 12:45

బాబాయ్, మా నాన్న జంపఖానాలు నేసేవారు. డిజైన్ ముందు గళ్ల కాగితం మీద గీసేవారు. అడ్డగీత, నిలువుగీత సుబ్బరంగా వస్తాయి. ఏటవాలు గీత మాత్రం మెట్లు మెట్లుగా వస్తుంది. దగ్గర నుంచి చూస్తే మెట్లు, గది అవతలి నుంచి చూస్తే గీత. పోగు సన్నబడితే మెట్లు చిన్నవవుతాయి. నేను చేసే పనంతా ఇదే అంటే నాన్న నమ్మేవారు కాదు.

1974లో కెన్నెత్ విల్సన్ చూపిన దారి ఇది. స్థలకాలాన్ని గళ్లుగా కోస్తాం, ఆ గళ్లనే లాటిస్ అంటాం. పడుగూ పేకా కలిసే ముడుల దగ్గర క్వార్కులు, ముడికీ ముడికీ మధ్య పోగు మీద గ్లువాన్లు. ఒక దిక్కుకు 64 చొప్పున మూడు దిక్కులు, కాలం వైపు 128 గళ్లు అనుకుంటే మొత్తం 3 కోట్ల 35 లక్షల ముడులు. ముడికి నాలుగు పోగులు, పోగుకు ఎనిమిది సంఖ్యలు. అంటే దాదాపు 107 కోట్ల సంఖ్యలు కలిస్తే ఒక్క నేత. ఇలాంటి నేతలు వందలూ వేలూ కావాలి. ఏ నేతకు ఎంత అవకాశం ఉందో దాన్ని బట్టి కంప్యూటర్ ఎంచుకుంటూ పోతుంది, సగటు తీస్తాం. తర్వాత గడిని ఇంకా సన్నగా చేసి మళ్లీ మొదటి నుంచి. మెట్లు మాయమైతే ఎంత వస్తుందో అంచనా కడతాం.

బరువు ఎలా చదువుతాం? గుడిలో గంట కొట్టాక మొదట గలగల చాలా స్వరాలు కలిసి వినిపిస్తాయి. పైస్వరాలు ముందు చచ్చిపోతాయి, చివరికి ఒక్క స్వరం మిగులుతుంది. ఇక్కడా అంతే. ప్రోటాన్ లక్షణాలున్న స్థితిని ఒకచోట పుట్టించి, కొన్ని గళ్ల అవతల ఎంత మిగిలిందో చూస్తాం. బరువైన స్థితులు త్వరగా తగ్గిపోతాయి, అన్నిటికన్నా తేలికది మిగులుతుంది. అది తగ్గే వేగమే దాని ద్రవ్యరాశి. చిక్కేమిటంటే ప్రోటాన్‌కు ఆ మిగిలిన స్వరం వినబడే సమయానికి రొద పెరిగిపోతుంది. నా పీహెచ్‌డీలో రెండేళ్లు ఆ రొదతోనే పోయాయి.

2008లో ఒక బృందం ఇలా ప్రోటాన్‌తో పాటు తేలికపాటి హాడ్రాన్ల (క్వార్కులతో అయిన కణాల) ద్రవ్యరాశులన్నీ కట్టింది. బయటి నుంచి తీసుకున్నవి మూడే మూడు కొలతలు. మిగతావి కొన్ని శాతాల తేడాతో ప్రయోగాలకు సరిపోయాయి. 2015లో న్యూట్రాన్, ప్రోటాన్ మధ్య తేడా కూడా వచ్చింది. ఆ తేడా 1.29 ఎంఈవీ, వెయ్యిలో ఒకటిన్నర వంతు కూడా లేదు. డౌన్ బరువు న్యూట్రాన్‌ను పైకి తోస్తుంది, విద్యుదావేశం ప్రోటాన్‌ను పైకి తోస్తుంది, డౌన్ గెలుస్తుంది. ఓడిపోయి ఉంటే ప్రోటానే విరిగిపోయేది, హైడ్రోజనే ఉండేది కాదు, సార్‌కు ఈ పాఠమూ ఉండేది కాదు.

ఆర్ఈసీ_పాతబ్యాచ్ | మంగళవారం, మధ్యాహ్నం 1:30

ఇక్కడే నాకు గొంతు దిగదు. 107 కోట్ల సంఖ్యలు పోసి, కంప్యూటర్ తిప్పి, 938 వచ్చింది అంటే అర్థమైనట్టా? వంట రుచి చూసి బాగుందన్నంత మాత్రాన వంట వచ్చినట్టు కాదు. క్వార్కు బయటికి ఎందుకు రాదో కాగితం మీద నిరూపించిన వాళ్లు ఇప్పటికీ లేరు. 2000లో క్లే గణిత సంస్థ పది లక్షల డాలర్ల చొప్పున బహుమతి పెట్టిన ఏడు సమస్యల్లో దీనికి దగ్గరిది ఒకటుంది. గ్లువాన్లు మాత్రమే ఉన్న లోకంలో కూడా అతి తేలిక కణానికి సున్నా కాని ద్రవ్యరాశి ఉంటుందని గణితపరంగా చూపించండి చాలు అన్నారు. ఆ డబ్బు ఇంకా అక్కడే ఉంది.

లాటిస్_అక్క | మంగళవారం, మధ్యాహ్నం 2:10

నిజమే, ఒప్పుకుంటా. పైగా మా పద్ధతికి ఒక గోడ కూడా ఉంది. న్యూట్రాన్ నక్షత్రం లోపలిలా పదార్థం కిక్కిరిసి ఉంటే, నేతల అవకాశాలు మామూలు సంఖ్యలుగా ఉండవు, ప్లస్‌లూ మైనస్‌లూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఎంచుకునే పద్ధతే కుప్పకూలుతుంది. ఘన పదార్థాల్లో గట్టిగా తలపడే ఎలక్ట్రాన్ల మీద పనిచేసేవాళ్లకూ ఇదే తలనొప్పి. 300 స్పిన్‌ల (పైకో కిందికో చూపే బుల్లి అయస్కాంతాల లాంటివి) స్థితి పూర్తిగా రాయాలంటే విశ్వంలోని పరమాణువుల కన్నా ఎక్కువ సంఖ్యలు కావాలి.

కానీ వంట సామెత మాత్రం ఒప్పుకోను. కంప్యూటర్‌లో నేను క్వార్కు ద్రవ్యరాశిని మార్చి చూడగలను, స్ట్రేంజ్‌ను తీసేయగలను. లోకంలో జరగని వంటలు వండి, ఏ దినుసు వల్ల ఏ రుచి వస్తుందో చూస్తాను. కాగితం మీది నిరూపణ వస్తే నేనే ముందు స్వీట్లు పంచుతా.

ఎమ్మెస్సీ_ఫైనల్ | మంగళవారం, మధ్యాహ్నం 2:40

అక్కా, దీంట్లోకి రావాలంటే ఏం చేయాలి? మా ఇంట్లో నెట్ రాసి లెక్చరర్ అవ్వమంటున్నారు.

లాటిస్_అక్క | మంగళవారం, మధ్యాహ్నం 2:55

నెట్‌తో పాటు పీహెచ్‌డీ ప్రవేశాలకు పెట్టే జెస్ట్, టీఐఎఫ్ఆర్ (టాటా ప్రాథమిక పరిశోధన సంస్థ) పరీక్ష కూడా రాయి తమ్ముడూ. లాటిస్ పని ముంబయిలోని టీఐఎఫ్ఆర్‌లో, చెన్నైలోని గణిత శాస్త్రాల సంస్థలో ఉంది. క్వాంటం మెకానిక్స్ గట్టిగా, ప్రోగ్రామింగ్ అంతకన్నా గట్టిగా. వివరాలకు విడిగా మెసేజ్ పెట్టు, ఇక్కడ సార్ క్లాసు ఏమైందో వినాలని ఉంది.

డిగ్రీ_ఫిజిక్స్_సార్ | మంగళవారం, సాయంత్రం 5:30

క్లాసు అయింది. ముందు కాంటా తమ్ముడి గోనె సంచుల కట్ట చెప్పాను, అది బ్రహ్మాండంగా ఎక్కింది. తర్వాత ఆఫీసులో నోట్ల కట్టకు వేసే రబ్బరు బ్యాండు తెచ్చి, కత్తిరించి, రెండు కొసలకూ రెండు చాక్‌పీసులు కట్టాను. క్వార్కు, యాంటీక్వార్కు. లాగాను. ఫెర్మీకి 900 ఎంఈవీ అంటూ ఇంకా లాగాను. తెగి నా వేలికి తగిలింది, ఇప్పటికీ చురుక్కుమంటోంది.

క్లాసు నవ్వడం అయ్యాక "ఇప్పుడు చాక్‌పీసు విడిగా దొరికింది కదా" అని ఒకడు అన్నాడు. మూడో బెంచి అమ్మాయి లేచి వచ్చి, తెగిన రెండు ముక్కలూ బల్ల మీద పెట్టి, "లేదు సార్, తెగిన చోట రెండు కొత్త కొసలు వచ్చాయి, మొత్తం కొసలు నాలుగు" అంది. లాగిన శక్తితోనే కొత్త క్వార్కు-యాంటీక్వార్కు జత పుట్టి చెరో ముక్కకూ అంటుకుంటుందని నేను ఇంకా చెప్పనేలేదు.

ఈ చర్చ లింకు ఆమెకు ఇచ్చాను.

ఎనుమాముల_కాంటా | మంగళవారం, సాయంత్రం 6:15

నా గోనె సంచులు డిగ్రీ క్లాసుకు ఎక్కాయా! రేపు యార్డులో అందరికీ చాయ్ నాదే.

మూడో_బెంచి | మంగళవారం, రాత్రి 8:20

నమస్తే. సార్ క్లాసులో అడిగింది నేనే. మొత్తం రెండుసార్లు చదివాను. లాటిస్ అక్కా, ఇంకొకటి అర్థం కాలేదు. మానేరు తాతగారి ఇరుకు గది లెక్క ప్రకారం, ఒక క్వార్కూ ఒక యాంటీక్వార్కూ ఉంటే ఒక్కోదానికి 235 చొప్పున కనీసం 470 రావాలి. కానీ అలాంటి జతే అయిన పయాన్ 140 అని పుస్తకంలో ఉంది. ఇక్కడ మళ్లీ తరుగు వచ్చిందా?

మానేరు_తీరం | మంగళవారం, రాత్రి 8:31

తాతనైపోయాను. ప్రశ్న మాత్రం నా లెక్కను సరిగ్గా కొట్టింది.

లాటిస్_అక్క | మంగళవారం, రాత్రి 9:45

చెల్లీ, ఇంకో కణాన్ని పక్కన పెట్టి చూడు. రో మీసాన్, అదీ క్వార్కు-యాంటీక్వార్కు జతే. క్వార్కులు అవే, స్పిన్‌లు ఒకే దిక్కుకు ఉంటాయి, అంతే తేడా. దాని ద్రవ్యరాశి 775. హైడ్రోజన్‌లో ప్రోటాన్‌కూ ఎలక్ట్రాన్‌కూ మధ్య స్పిన్ తిప్పితే మారే శక్తి ఎంతో తెలుసు కదా? 21 సెంటీమీటర్ల రేడియో తరంగం, ఎలక్ట్రాన్ వోల్టులో లక్షకు ఒక వంతు కూడా లేదు. ఇక్కడ స్పిన్ తిరిగితే బరువు అయిదున్నర రెట్లు. కనుక రో మామూలుదే, తాతగారి లెక్కకు దారిలోనే ఉంది. తేడాగా ఉన్నది పయాన్.

కారణం భౌతిక శాస్త్రవేత్త నంబు 1960 ప్రాంతంలో పట్టుకున్నారు, 2008లో నోబెల్ వచ్చింది. క్వార్కుల ద్రవ్యరాశి సున్నా అయితే ఎడమచేతి వాటం క్వార్కులకూ కుడిచేతి వాటం క్వార్కులకూ (కదిలే దిక్కుతో పోలిస్తే స్పిన్ ఎటు తిరుగుతుందో దాన్ని బట్టి ఈ పేర్లు) సంబంధం ఉండకూడదు, సమీకరణం అలా ఉంది. కానీ కణాలేవీ లేని శూన్యమే ఆ రెండింటినీ కలిపేస్తుంది. భోజనాల బంతిలో అందరూ ఎవరి కుడిచేతి వైపు గ్లాసు వాళ్లు తీసుకోవచ్చు, ఎడమవైపుదీ తీసుకోవచ్చు, రెండూ సమానమే. మొదటివాడు ఒకటి ఎత్తగానే వరుసంతా దానికి కట్టుబడుతుంది. అలా సమానత్వం చెడినప్పుడు, ఆ ఏర్పాటు మీద నెమ్మదిగా సాగే అలకు ఖర్చు ఉండదు. పయాన్ ఆ అల. ఈ గ్లాసుల పోలికలో అల సరిగ్గా కుదరదు, ఎన్నుకోవడం వరకే తీసుకో.

క్వార్కుకు నిజంగా సున్నా ద్రవ్యరాశి ఉంటే పయాన్ బరువు సున్నా అయ్యేది. కాస్త ఉంది కనుక 140 వచ్చింది. పయాన్ ద్రవ్యరాశి వర్గం క్వార్కు ద్రవ్యరాశికి అనుపాతంలో ఉంటుంది. మేం కంప్యూటర్‌లో క్వార్కు ద్రవ్యరాశిని మార్చి ఈ నియమాన్ని లెక్కలేనన్నిసార్లు సరిచూశాం. ఇది తరుగు కాదు, అసలు వేరే ఖాతా.

మూడో_బెంచి | మంగళవారం, రాత్రి 10:25

క్వార్కు ద్రవ్యరాశి రెట్టింపు అయితే పయాన్ రూట్ 2 రెట్లు, అంటే 198. వేసి చూశాను. ప్రోటాన్‌ను కూడా రూట్ 2తో గుణించబోయి ఆగాను. అది పెద్దగా కదలదు కదా అక్కా?

లాటిస్_అక్క | మంగళవారం, రాత్రి 10:31

కదలదు. అయిదారు శాతం.